ఉప్పెన తెచ్చిన పేట, రన్‌వే కదిల్చిన పేట

2020 జూలై 23న నాటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకాలోని అధికార నివాసం నుంచి వీడియో ద్వారా ఒక గృహసముదాయాన్ని ప్రారంభించారు. కాక్స్ బజార్ పట్టణానికి బాక్‌ఖాలీ నది ఆవల, ఖురుష్కుల్ అనే చోట అది వెలిసింది. దాదాపు 253 ఎకరాల్లో 139 ఐదంతస్తుల భవనాలు కట్టి 4,409 కుటుంబాలకు నీడ కల్పించాలన్నది పథకం. తొలివిడతలో 20 భవనాలు పూర్తికాగా 600 కుటుంబాలకు తాళంచెవులు అందాయి. కుటుంబానికి సుమారు 406 చదరపు అడుగుల ఫ్లాటు. ధర నామమాత్రంగా 1,001 టాకాలు. వాతావరణ శరణార్థుల కోసం ప్రపంచంలోనే అతిపెద్ద పునరావాస పథకంగా ప్రభుత్వం దీనిని చాటుకుంది.

ఈ పథకం ఎవరిని ఉద్దేశించిందో వారిలో అధికులు కుతుబ్దియా ద్వీపం నుంచి, ఆ చుట్టుపక్కల తీరం నుంచి కట్టుబట్టలతో వచ్చినవారు, వారి సంతానం. వారి వలసకు ప్రధాన కారణం 1991 ఏప్రిల్ 29 రాత్రి వచ్చిన తుపాను. ఆ రాత్రికీ, ఈ తాళంచెవులకూ మధ్య 29 సంవత్సరాలు గడిచాయి. అన్నేళ్లపాటు కదలని రాజ్యం అకస్మాత్తుగా ఎందుకు కదిలింది? తుపాను బాధితుల పునరావాస చరిత్రలో ఈ ప్రశ్నకు ఉన్న ప్రాధాన్యం తుపాను వేగానికి సైతం లేదు.

ఆ రాత్రి

1991 తుపాను చిట్టగాంగ్ తీరాన్ని తాకినప్పుడు గాలి వేగం గంటకు దాదాపు 240 కిలోమీటర్లు. ఉప్పెన సుమారు ఆరు మీటర్లు. పౌర్ణమి ఘడియల పోటు దానికి తోడైంది. సుమారు 1,38,000 మంది మరణించారు. దాదాపు కోటి మంది నిరాశ్రయులయ్యారు. సందీప్, బాన్‌ష్‌ఖాలీ, అన్వారా, మహేశ్‌ఖాలీ, కుతుబ్దియా ప్రాంతాల మీద దెబ్బ అతి తీవ్రంగా పడింది. మృతుల్లో స్త్రీలు, పసిపిల్లలు, వృద్ధుల నిష్పత్తి చాలా ఎక్కువని అనంతర పరిశీలనలన్నీ తేల్చాయి. హెచ్చరిక లేక పోయిన ప్రాణాలు కావు అన్నీ. పదో నంబరు ప్రమాద సూచిక ఎగరవేశారు, స్వచ్ఛంద కార్యకర్తలు మైకుల్లో చాటారు. వెళ్లి తలదాచుకోవడానికి తగినన్ని తుపాను ఆశ్రయ భవనాలు లేవు. ఇల్లూ గొడ్డూ విడిచి వెళ్లడానికి అనేకులకు మనసు రాలేదు.

ఎర్షాద్ నియంతృత్వం కూలి, ఎన్నికలు జరిగి, ఖలీదా జియా ప్రధానిగా బాధ్యతలు చేపట్టి అప్పటికి ఆరు వారాలు కూడా పూర్తికాలేదు. కొత్త ప్రభుత్వం ఒంటరిగా నిభాయించుకోలేని విపత్తు అది. గల్ఫ్ యుద్ధం నుంచి తిరుగుప్రయాణంలో ఉన్న అమెరికన్ నౌకాదళం దారి మళ్లి వచ్చి సహాయకార్యాల్లో పాల్గొంది. అన్నం, మంచినీరు, మందులు చేరాయి. అంతర్జాతీయ పత్రికలు కొన్ని వారాలు రాసి విరమించాయి. ఆ తరువాత మొదలైంది అసలు చరిత్ర.

తెలుగు పాఠకుడు ఇక్కడ 1977 నవంబరు 19 నాటి దివిసీమను తలచుకోవడం సహజం. అదే బంగాళాఖాతం, అదే ఉప్పెన. అయితే రెండింటి మధ్య ఒక మౌలిక భేదం ఉంది. దివిసీమలో నీరు వచ్చి, వేలాది ప్రాణాలను తీసుకుని వెనుదిరిగింది. నేల మిగిలింది. ఉప్పుబారిన పొలాలను మళ్లీ సాగులోకి తెచ్చుకుని, అవే ఊళ్లలో అత్యధికులు తిరిగి నిలదొక్కుకున్నారు. కుతుబ్దియాలో నీరు పూర్తిగా వెనుదిరగలేదు. ఉప్పు మడులతో, చేపలవేటతో బతికే ఆ ద్వీపాన్ని సముద్రం తరతరాలుగా అంచుల నుంచి కొరుకుతూనే ఉంది. బ్రిటిష్ వారు 19వ శతాబ్దంలో కట్టిన దీపస్తంభమే సముద్రగర్భంలో కలిసిపోయింది. 1991లో చుట్టూ ఉన్న మట్టికట్టలు తెగాయి. వాటిని తిరిగి పోసినకొద్దీ తరువాతి పోట్లు మళ్లీ తెంచాయి. ఊరు ఉండి ఇల్లు పోయినవాడు ఇల్లు కట్టుకుంటాడు. ఊరే పోయినవాడు ఎక్కడ కట్టుకోవాలి?

చట్టం కూడా వారిని ఆదుకోలేదు. నది గానీ సముద్రం గానీ మింగిన భూమి మళ్లీ తేలితే అది ఎవరిదన్న వివాదం బెంగాల్ డెల్టాలో అతి పురాతనమైనది. స్వాతంత్ర్యానంతరం 1972లో అలాంటి భూమి రాజ్యానికే చెందుతుందని శాసించారు. 1994లో సవరించి, 30 ఏళ్లలోపు తిరిగి తేలితే పాత యజమానికి హక్కు ఉంటుందన్నారు. తేలని భూమికి ఈ సవరణ ఒరగబెట్టేదేమీ లేదు. కాగితం మీద రైతుగా ఉన్నవాడు నీటి కింద భూమికి యజమాని, నేల మీద మాత్రం నిరుపేద.

పోరంబోకు మీద ఒక పేట

అలా వచ్చినవారు దక్షిణాన కాక్స్ బజార్ పట్టణపు అంచున, విమానాశ్రయానికీ సముద్రానికీ నడుమ ఉన్న ఇసుక నేలలో గుడిసెలు వేసుకున్నారు. అది ఖాస్ భూమి, అంటే మన పోరంబోకు వంటిది. వచ్చిన చోటి పేరునే ఆ స్థలానికి పెట్టుకున్నారు. కుతుబ్దియా పాడా. పాడా అంటే పేట. దాని పక్కనే సమితి పాడా, ఇతర పేటలు వెలిశాయి. కాలక్రమాన అవి పురపాలికలో ఒకటో వార్డు అయ్యాయి. ఓట్లు వచ్చాయి, మసీదులు వచ్చాయి, పిల్లలకు బడులు వచ్చాయి. పట్టాలు మాత్రం రాలేదు.

ఆ పేటలకు ప్రాణం పోసింది నాజిరార్‌టేక్. దేశంలోకెల్లా పెద్దదిగా పేరొందిన ఎండుచేపల కేంద్రం అది. వేట ముగించి పడవలు తెచ్చిన చేపను కడిగి, చీల్చి, వెదురు పందిళ్ల మీద ఆరవేసి, ఏరి, మూటగట్టే పని అక్కడ నెలల తరబడి సాగుతుంది. ఆ పనిలో అధికభాగం స్త్రీలదే. మగవారు పడవల మీదా, మంచు మిల్లుల్లో, రిక్షాల మీదా, పర్యాటకుల హోటళ్లలో కూలి వెతుక్కున్నారు. ప్రభుత్వం నుంచి ఏ పథకమూ లేకుండా, ఎవరి ఆదేశమూ లేకుండా ఉప్పెన బాధితులు తమకు తామే కల్పించుకున్న పునరావాసం అది. ఇల్లు తడికె గోడలదే, నేల తమది కాదు. కానీ గుమ్మం దాటితే పని ఉంది. బంధువులు పక్క గుడిసెలో ఉన్నారు. తల్లి చేపలు ఏరుతుంటే బిడ్డ అరిచినంత దూరంలో ఉంటుంది.

రాజ్యం దృష్టిలో వారు అప్పటికి శరణార్థులు కారు. ఆక్రమణదారులు.

ఆశ్రయం, రాజకీయం

తుపాను బాధితుల గృహవసతి బంగ్లాదేశ్ రాజకీయాల్లో అప్రధాన విషయమేమీ కాదు. ఆ దేశపు పుట్టుకలోనే తుపాను ఉంది. 1970 నవంబరు 12 నాటి భోలా తుపానులో మూడు నుంచి ఐదు లక్షల మంది చనిపోయారని అంచనా. పశ్చిమ పాకిస్తాన్ పాలకులు చూపిన నిర్లక్ష్యం తూర్పు బెంగాల్ గుండెను మండించింది. మరుసటి నెల ఎన్నికల్లో అవామీ లీగ్ అక్కడి 162 సాధారణ స్థానాల్లో 160 గెలుచుకుంది. ఏడాది తిరిగేసరికి కొత్త దేశం అవతరించింది. ఆ దేశపు తొలి ప్రభుత్వం రెడ్‌క్రాస్‌తో కలిసి తుపాను సంసిద్ధతా కార్యక్రమాన్ని స్థాపించింది. నదీకోతకు గురైనవారి కోసం 1972లోనే నోవాఖాలీ ప్రాంతంలో ముజీబుర్ రెహ్మాన్ గుచ్ఛగ్రామాలకు పునాది వేశారు. 1997 మే నెలలో మరో తుపాను కాక్స్ బజార్ తీరాన్ని తాకిన తరువాత ఆయన కుమార్తె హసీనా ఆశ్రయణ్ పథకాన్ని ప్రారంభించారు. ముజీబ్ శతజయంతి సంవత్సరమైన 2020లో దేశంలో ఇల్లు లేనివారే ఉండరాదన్నది ఆమె ప్రభుత్వ నినాదం.

ఈ వారసత్వంలో గర్వించదగినది చాలా ఉంది. 1991లో లక్షకు పైగా ప్రాణాలు పోగా, 2007 సిడర్ తుపానులో మృతులు సుమారు 3,400. 2020 అంఫన్ నాటికి బంగ్లాదేశ్‌లో ఆ సంఖ్య పదుల్లోకి దిగింది. వేలాది ఆశ్రయ భవనాలు, స్వచ్ఛంద కార్యకర్తల సైన్యం, సకాలపు తరలింపు ఈ మార్పును సాధించాయి. ప్రాణం కాపాడటంలో బంగ్లాదేశ్ ప్రపంచానికే పాఠం నేర్పింది. కాపాడిన ప్రాణాన్ని ఎక్కడ, ఎలా బతికించాలన్నది వేరొక పరీక్ష. ఆ పరీక్షలో కుతుబ్దియా పాడా పేరు రెండు దశాబ్దాల పాటు ఎవరి జాబితాలోనూ పైకి రాలేదు.

రన్‌వే వచ్చింది

కాక్స్ బజార్‌కు 120 కిలోమీటర్ల ఇసుక తీరం ఉంది. దానిని అంతర్జాతీయ పర్యాటక కేంద్రంగా మలచాలన్న ఆకాంక్ష హసీనా పాలనలో ఊపందుకుంది. అందుకు విమానాశ్రయం విస్తరించాలి. 6,775 అడుగుల రన్‌వేను తొలుత 9,000 అడుగులకు పెంచారు. 2017 మే నెలలో ప్రధాని స్వయంగా బోయింగ్ విమానంలో అక్కడ దిగారు. 2021 ఆగస్టులో దానిని 10,700 అడుగులకు పెంచే పని మొదలైంది. అందులో కొంత భాగం సముద్రాన్ని పూడ్చి వేయవలసినది.

ఆ విస్తరణకు కావలసిన నేల మీదే ఒకటో వార్డు పేటలు ఉన్నాయి. ఖురుష్కుల్ పథకం పుట్టుక అక్కడే. ప్రభుత్వం కూడా దీనిని దాచలేదు. విమానాశ్రయ విస్తరణ వల్ల స్థానభ్రంశం చెందే కుటుంబాలకు నివాసం కల్పించడం పథకంలో బహిరంగంగా చెప్పిన భాగమే. కానీ ప్రారంభోత్సవపు వెలుగులో ముందుకు వచ్చిన మాట వాతావరణ శరణార్థులు అన్నది. సముద్రం వారిని 1991లో వెళ్లగొట్టింది. 2020లో వారిని కదిల్చింది సముద్రం కాదు. రెండు స్థానభ్రంశాలు ఒకే పేరు కింద కలిసిపోయాయి. మొదటిదానికి దక్కవలసిన సానుభూతి రెండవదానికి అంగీకారంగా మారింది.

ఇందులో కుట్ర వెతకనక్కరలేదు. తుపానుకు మళ్లీ బలయ్యే చోట, సముద్రానికి అంత దగ్గరగా తడికె గుడిసెల్లో ప్రజలను ఉండనివ్వడం ఏ ప్రభుత్వానికీ తగదు. వారిని గట్టి కప్పు కిందికి చేర్చడం సరైన పని. ఆ సరైన పని చేయడానికి ప్రజల అవసరం చాలలేదు, ఆ నేల అవసరమైంది. ఇంతవరకే ఆరోపణ. ఈ క్రమం పునరావాసం తీరును కూడా నిర్ణయించింది. ప్రజల కోసం మొదలైన పథకం వారి పని ఎక్కడుందో ముందుగా చూస్తుంది. నేల కోసం మొదలైన పథకం వారిని ఎక్కడ సర్దవచ్చో చూస్తుంది.

నాలుగో అంతస్తులో జాలరి

ఖురుష్కుల్ భవనాలు సైన్యం పర్యవేక్షణలో పకడ్బందీగా కట్టినవి. ఉప్పెన నీరు కింద నుంచి సాగిపోయేలా నేల అంతస్తును ఖాళీగా వదిలారు. విద్యుత్తు, మంచినీరు, మరుగుదొడ్డి ఉన్నాయి. తుపాను రాత్రి ఇల్లు వదిలి పరుగెత్తవలసిన అగత్యం లేదు. జీవితమంతా గాలి శబ్దానికి ఉలికిపడినవారికి ఇది చిన్న వరం కాదు. అక్కడికి వెళ్లినవారందరూ అయిష్టంగా వెళ్లారనడం అసత్యం.

అయితే జాలరి ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. వల ఆరవేసే స్థలం, చిరుగులు అల్లుకునే నీడ, నాలుగు కోళ్లు తిరిగే పెరడు, కట్టెల పొయ్యి కూడా అందులో భాగమే. 406 చదరపు అడుగుల ఫ్లాటులో వీటికి చోటు లేదు. గుడిసెలో లేని ఖర్చులు, కరెంటు బిల్లు నుంచి వంటగ్యాసు వరకు, ఇక్కడ నెలనెలా ఎదురవుతాయి. ఎండుచేపల పందిళ్లు నది ఆవలే ఉండిపోయాయి. తెల్లవారకముందే పడవ చేరుకోవలసినవాడు, రోజుకూలి మీద చేపలు ఏరే స్త్రీ ఇద్దరూ ఇప్పుడు దారి ఖర్చు లెక్క వేసుకోవాలి. స్త్రీల కూలి మగవారి కూలికంటే తక్కువ కనుక ఆ లెక్క మొదట తప్పేది ఆమెకే.

పథకంలో ఆధునిక ఎండుచేపల విపణి, పర్యాటక వసతులు, బడి, ఆసుపత్రి ఉన్నాయి. కానీ ఇళ్లు ముందు వచ్చాయి, పని వెనుక మిగిలింది. పట్టణంతో కలిపే 595 మీటర్ల బాక్‌ఖాలీ వంతెన 2023 నవంబరులో ప్రారంభమైంది. అంటే తొలి కుటుంబాలు చేరిన మూడేళ్లు దాటాక. సొంత నిర్ణయంతో వలస వచ్చిన 1991 నాటి నిరుపేద పనికి దగ్గరగా గుడిసె వేసుకున్నాడు. రాజ్యం తన వనరులన్నీ వెచ్చించి అతనికి ఇల్లిచ్చి పనికి దూరం చేసింది.

మరో చిక్కు కాలం తెచ్చింది. 1991లో తల్లి చంకలో బతికి బయటపడ్డ బిడ్డకు 2020 నాటికి 29 ఏళ్లు. అతనికి పెళ్లయింది, పిల్లలున్నారు. నాడు ఒక గుడిసె, నేడు మూడు పొయ్యిలు. జాబితాలో ఒక కుటుంబం, ఒక ఫ్లాటు. ఏ పునరావాసంలోనైనా ఆలస్యానికి ఇదే మూల్యం. జాబితా ఆగిపోతుంది, సంసారం ఆగదు.

అందుకే పేటలు ఖాళీ కాలేదు. 2024 ఆగస్టు 5న హసీనా పదవి వీడి భారత్‌కు వచ్చారు. ఆమె ప్రారంభించిన పథకాలన్నీ సందేహపు నీడలోకి వెళ్లాయి. కానీ నేల తగాదా ప్రభుత్వంతో పాటు పోలేదు. 2025 ఫిబ్రవరి 24న సమితి పాడా వద్ద స్థానికులకూ వైమానిక దళ స్థావర సిబ్బందికీ మధ్య ఘర్షణ జరిగి ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. స్థావరంపై దుండగులు దాడికి దిగారన్నది సైనిక వర్గాల మాట. తమను ఆ నేల నుంచి వెళ్లగొట్టాలన్న ఒత్తిడే ఘర్షణకు మూలమన్నది పేటవాసుల మాట. ఉప్పెన జరిగిన 34 ఏళ్ల తరువాత కూడా ఆ నేల మీద ఎవరుండాలన్నది తేలలేదు.

పేరులో ఏముంది

వాతావరణ శరణార్థి అన్న పదానికి అంతర్జాతీయ న్యాయంలో స్థానం లేదు. 1951 శరణార్థుల ఒడంబడిక జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం కారణంగా పీడన భయంతో దేశం దాటినవారినే గుర్తిస్తుంది. దేశం లోపల ఒక తీరం నుంచి మరో తీరానికి వచ్చినవాడు దాని పరిధిలోకి రాడు. కాబట్టి ఆ పేరు హక్కును ఇవ్వదు, ప్రచారాన్ని మాత్రమే ఇస్తుంది. అదే జిల్లాలో, కాక్స్ బజార్‌కు దక్షిణాన ఉఖియా, టెక్నాఫ్‌లలో, 2017 ఆగస్టు తరువాత మయన్మార్ నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు వచ్చి చేరారు. వారు నిజంగా దేశం దాటి వచ్చిన శరణార్థులు. వారికి బంగ్లాదేశ్ ఆ హోదా ఇవ్వలేదు. ఒకే జిల్లాలో శరణార్థులకు ఆ పేరు దక్కలేదు, స్వదేశీ పౌరులకు దక్కింది.

కుతుబ్దియావాసిని తుపాను మరునాడు బాధితుడన్నారు. గుడిసె వేసుకున్నాక ఆక్రమణదారుడన్నారు. రన్‌వే అవసరపడ్డాక శరణార్థి అన్నారు. మనిషి మారలేదు. ఏ పేరుతో పిలిచినా అతను అడిగినది పనికి దగ్గరగా, తన పేరున ఉండే కొంచెం నేల.

మన తీరానికి మిగిలిన పని

ఇది పొరుగుదేశపు కథగా చదివి ఊరుకోదగినది కాదు. ఒడిశాలోని కేంద్రాపడా జిల్లాలో సాతభాయా ఊళ్లను సముద్రం ఒక్కొక్కటిగా మింగింది. 2018లో 571 కుటుంబాలను లోపలి ప్రాంతమైన బాగపాటియా కాలనీకి తరలించారు. దేశంలో తీరకోత బాధితులకు ఒక రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన తొలి ప్రణాళికాబద్ధ పునరావాసంగా దానికి ప్రశంసలు దక్కాయి. కుటుంబానికి పది సెంట్ల నేల, ఇంటికి డబ్బు ఇచ్చారు. సాగుభూమి ఇవ్వలేదు. సముద్రం దూరమైంది, పొలం లేదు. అక్కడి మగవారు కూలి కోసం కేరళకు రైలెక్కుతున్నారు. ఖురుష్కుల్‌లో నది అడ్డమైతే, బాగపాటియాలో దేశమే అడ్డమైంది.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి తీర, నదీకోత నిర్వాసితుల పునరావాసం కోసం జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి 1,000 కోట్లు, కోత నివారణకు ఉపశమన నిధి నుంచి 1,500 కోట్లు కేటాయించాలని సిఫార్సు చేసింది. కోత బాధితుడిని దేశస్థాయి ఆర్థిక ప్రణాళిక ప్రత్యేకంగా గుర్తించడం విశేషమే. కానీ సుందర్బన్స్ ద్వీపాల నుంచి కాకినాడ దగ్గరి ఉప్పాడ వరకు కోతను ఎదుర్కొంటున్న తీరం పొడవుతో పోల్చితే అది స్వల్పం. పైగా డబ్బు ఇంటిని ఇస్తుంది. ఆ ఇల్లు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి పేరున అన్నది రాజకీయ నిర్ణయం. బంగ్లాదేశ్‌లో 2050 నాటికి 1.99 కోట్ల మంది దేశం లోపలే వలస వెళ్లవలసి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021 నివేదిక అంచనా కట్టింది. ఆ సంఖ్య ముందు 139 భవనాలు లెక్కలోకి రావు. ఒక పద్ధతికి నమూనాగా మాత్రం అవి లెక్కలోకి వస్తాయి.

ఆ పద్ధతి ఎలా ఉండకూడదో కుతుబ్దియా పాడా చూపింది. నేల పోయిన నాడే హక్కు మొదలుకావాలి, ఆ నేలకు మరో గిరాకీ వచ్చిన నాడు కాదు. ఇంటికన్నా ముందు వంతెన, విపణి, పడవ రేవు కట్టాలి. జాబితాను గుడిసెల లెక్కన కాక సంసారాల లెక్కన రాయాలి. కూలి తక్కువైన స్త్రీ దారి ఖర్చును పథకం ఖర్చులో కలపాలి. ఇవేవీ సాంకేతికంగా కష్టమైనవి కావు. సముద్రాన్ని పూడ్చి విమానాలు దింపే ప్రణాళిక వేసిన ప్రభుత్వానికి, నది ఇవతల నాలుగు వరుసల వెదురు పందిళ్లు వేయడం చేతకాని పని కాదు.